రావణుని నోట రామకథ

రామకథను రాముని పక్షమున నిలిచి వినుట మనకు తరతరాలుగా అలవాటు. ఆ కథనే రావణుడు తన నోట చెప్పినచో ఎట్లుండును? రణరంగమున కూలి, ప్రాణము కంఠమునకు వచ్చిన వేళ తన బ్రతుకును నెమరు వేసికొనుచున్న రావణునితో ఆరంభమగు నవల యొకటి 2012లో వెలువడినది. దాని పేరు ‘అసుర’. రచయిత కేరళీయుడగు ఆనంద్ నీలకంఠన్. ఆంగ్లమున పుట్టిన ఆ గ్రంథము పలు భారతీయ భాషలలోనికి వెళ్లినది. తెలుగున ‘అసురుడు’ అను పేర వచ్చినది. అది పాఠకులలో రేపిన చర్చ ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది. ఏలయన, ‘రావణుడు మంచివాడైనచో రాముడు చెడ్డవాడా?’ అను ప్రశ్నను మొగమాటము లేక అడుగగలవారు బడి పిల్లలే.

ఈ నవలలోని రావణుడు దేవుడు కాడు, రక్కసుడును కాడు. పేదరికమున పెరిగి, పెద్ద ఆశలు పెంచుకొని, రాజ్యము గెలిచి, కడకు సర్వమును పోగొట్టుకొన్న మనుష్యుడు. క్రోధము, గర్వము, అసూయ మొదలగు తొమ్మిది భావములను విడిచి బుద్ధి నొక్కదానినే నిలుపుకొనుమని మహాబలి అతనికి బోధించును. రావణుడు సమ్మతింపడు. ఆ పదియు కలిసిననే మనుష్యుడని అతని వాదము. పది తలలకు రచయిత కల్పించిన అర్థమిది. సీత రావణుని కూతురగుటయు ఈ నవలలో కలదు. అది రచయిత క్రొత్తగా పుట్టించినది కాదు. తొమ్మిదవ శతాబ్దినాటి జైన కవి గుణభద్రుని ‘ఉత్తరపురాణము’నందే అట్టి కథ యున్నది.

పాఠకులు ఈ నవలను ఒక్క తీరుగ స్వీకరింపలేదు. ఓడినవాని మాట ఇన్నాళ్లకు వినిపించినదని సంతసించినవారు కొందరు. భక్తితో కొలుచు కథను తలక్రిందులు చేయుట తగదని నొచ్చుకొన్నవారు మరికొందరు. ఈ రెండు పక్షములకును చెందని మూడవవారి మాట ఆలోచింపదగినది. రచయిత రావణునికి సున్నము కొట్టి తెల్లగా చూపలేదనియు, అతని తప్పులను అతని నోటనే చెప్పించినాడనియు వారి అభిప్రాయము. సానుభూతి వేరు, సమర్థన వేరు. ఒకడు ఏల తప్పు చేసెనో తెలిసికొనుట, ఆ తప్పును ఒప్పని చెప్పుట కాదు.

ప్రతినాయకునియందు గొప్పతనమును చూచుట మనకు క్రొత్తయా? వాల్మీకి రామాయణమున హనుమంతుడు లంకలో రావణుని సభయందు చూచినప్పుడు అతని తేజస్సుకు ఆశ్చర్యపడును. రావణుడు నేలకొరిగిన పిదప, పగ మరణముతోనే తీరినదనియు, అంత్యక్రియలు జరుపుమనియు రాముడే విభీషణునితో చెప్పును. పదమూడవ శతాబ్దికి చెందిన గోన బుద్ధారెడ్డి ‘రంగనాథ రామాయణము’నందు శత్రువైన రాముని విలువిద్యను రావణుడు మనసార మెచ్చుకొనును. శత్రువును మెచ్చుకొనగల వానిని కేవల దుష్టుడని త్రోసివేయుట ఎట్లు?

ఆదోని, ఎమ్మిగనూరుల నడిమి పల్లెలకు, పెద్దకడుబూరు వంటి ఊళ్లకు, ఈ విషయమున మరియొక భాగ్యము కలదు. ఇచ్చట తెలుగునకు తోడు కన్నడమును వినవచ్చును. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్లారి జిల్లాలోనిదే. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన నాడు కర్నూలు జిల్లాలో చేరినది. కన్నడమున పదవ శతాబ్దినాటి రన్నకవి తన ‘గదాయుద్ధ’ కావ్యమున, రణభూమిలో తమ్ములను, కర్ణుని తలచి దుఃఖించు దుర్యోధనుని చిత్రించి పాఠకుని కంట తడి పెట్టించినాడు. అభినవ పంపడని పేరొందిన నాగచంద్రుడు జైన రామకథలో రావణుని ఒక్క దోషము వలన చెడిన మహాపురుషునిగా నిలిపినాడు. దుర్యోధనుని వంటి పాత్రలను రంగస్థలమున ధరించి మెప్పించిన బళ్లారి రాఘవ (1880–1946) ఈ సీమవాడే. ఆ పిదప 1961లో వచ్చిన ‘సీతారామకల్యాణం’ చిత్రమున నందమూరి తారక రామారావు రావణుడై నటించగా తెలుగు ప్రేక్షకులు ఆదరించినారు. అప్పుడెవ్వరి భక్తియు తరిగిపోలేదు.

అయినను పురాణమును తిరిగి వ్రాసినప్పుడెల్ల ఆదరమే లభించినదని చెప్పరాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో ‘శంబుకవధ’ నాటకమును వెలువరించినప్పుడు పండితలోకమున వాదములు చెలరేగినవి. 1974 మొదలు 1976 వరకు మూడు సంపుటములుగా వచ్చిన రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షము’, దాని పేరుతోనే విశ్వనాథ సత్యనారాయణ ‘రామాయణ కల్పవృక్షము’నకు ఎదురు నిలిచినది. రెండింటికిని గట్టి అభిమానులు కలరు. ఒకదానిని చదివినవారు రెండవదానిని ముట్టకుండుటయే విచారకరము.

ఈ సందర్భమున వంగదేశపు ముచ్చట యొకటి విద్యార్థులు వినవలెను. మైకేల్ మధుసూదన దత్తు 1861లో ‘మేఘనాదవధ’ కావ్యమును ప్రకటించినాడు. అందు కవి హృదయము రావణునివైపు, అతని కుమారుడగు ఇంద్రజిత్తువైపు మొగ్గినది. కాళీప్రసన్న సింహుడు సభ జరిపి కవిని సన్మానించగా, జగద్బంధు భద్రుడు ఆ కావ్యమును ఎగతాళి చేయుచు చుంచెలుక వధను గూర్చి కావ్యము వ్రాసినాడు. ఆ 1861లోనే జన్మించిన రవీంద్రనాథ ఠాకూరు పదునారేండ్ల ప్రాయమున, 1877లో, ‘భారతి’ పత్రికలో ఆ కావ్యమును చీల్చి చెండాడినాడు. కాలము గడచినది. వయసు ముదిరిన పిమ్మట తన స్మృతులలో, ఆ విమర్శ బాల్యచాపల్యమని ఆయనయే ఒప్పుకొన్నాడు. గ్రంథము మారలేదు, చదువరి మారినాడు. పదునారేండ్ల విద్యార్థి నేడిచ్చిన తీర్పును తుది తీర్పుగా నెంచి మార్కులు వేయు ఉపాధ్యాయుడు ఈ ముచ్చటను మరువరాదు.

మరల ‘అసురుడు’ చెంతకు వత్తము. ఆ నవలలో కథ చెప్పువాడు రావణుడొక్కడే కాదు. భద్రుడను సామాన్యుడు రెండవ కథకుడు. రాజును నమ్మి వెంట నడచినవాడు. యుద్ధమున అతడు పోగొట్టుకొన్నది మిక్కిలి, పొందినది స్వల్పము. రావణుడు గద్దె నెక్కినప్పుడు అతని గుడిసె గుడిసెగనే యున్నది; రావణుడు కూలిన పిదపయు అంతే. రావణుని వాదమును ఒప్పుకొనని పాఠకులు సైతము భద్రుని మరువలేకున్నారు.

పశ్చిమ కర్నూలు పల్లెలకు భద్రుడు పరాయివాడు కాడు. వాన లేక చేలు ఎండిన ఏట ఇచ్చటి కుటుంబములు మూట గట్టుకొని సుగ్గికి పోవును. గుంటూరు సీమలో మిరప కోతకు, తెలంగాణమున పత్తి ఏరుటకు తలిదండ్రులు కదలగా పిల్లలు బడి విడిచి వెంట పోవుదురు. కొన్ని నెలలకు తిరిగివచ్చి తరగతిలో వెనుక బల్లపై కూర్చుందురు. గెలిచిన రాజుల పేర్లు, యుద్ధములు జరిగిన ఏండ్లు వారు కంఠస్థము చేయవలెను. వారి కథ మాత్రము ఏ పాఠములోను లేదు.

కావున రావణుడు మంచివాడా, చెడ్డవాడా అని పిల్లలను రెండు జట్లుగ నిలిపి వాదింపజేయుటతో ఆగరాదు. వాల్మీకి మాటయు చెప్పి, రంగనాథ రామాయణమును చూపి, నవలను చదివించి, పిదప మరియొక ప్రశ్న వేయవలెను: ఈ యుద్ధము ముగిసిన మరునాడు భద్రుని ఇంట పొయ్యి వెలిగినదా? సుగ్గి నుండి నిన్ననే తిరిగివచ్చిన పిల్లవాడు ఆ ప్రశ్నకు వెనుక బల్ల నుండి చేయి ఎత్తును. అతడు చెప్పునంతవరకు గంట కొట్టకుండిన చాలును.