నిశ్శబ్దం కన్నా ముందు కావాల్సింది

ఆటిజం ఉన్న మనిషికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పింఛను రావాలన్నా, రిజర్వేషన్ అందాలన్నా ముందు వైకల్య ధ్రువపత్రం చేతికి రావాలి. జనం నోట అది సదరం సర్టిఫికెట్. వైకల్యం కనీసం 40 శాతం ఉందని వైద్యులు తేల్చాలి. ఆ శాతం తేల్చడానికి దేశమంతా వాడే కొలమానం సికింద్రాబాదులోనే పుట్టింది. ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అని పిలుస్తున్న కేంద్ర సంస్థ పాత పేరుతో ఉన్న రోజుల్లో దాన్ని తయారు చేసింది. అందులో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. మాట తీరు, నలుగురితో మెలిగే తీరుతో పాటు ఇంద్రియాలకు సంబంధించిన అంశాలకూ ఒక విభాగం ఉంది. అంటే చప్పుడు, వెలుతురు, తాకిడి ఈ మనిషికి అందరికీ తగిలినట్టు తగలవన్న సంగతి ప్రభుత్వ కాగితాల మీదే ఉంది. కానీ ఆ పరీక్షకు రావాల్సింది పెద్దాసుపత్రికి. ఓపీ చీటీ కోసం వరస, గట్టిగా పేర్లు పిలిచే సిబ్బంది, ఫినాయిల్ వాసన, కిక్కిరిసిన వరండా, ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పని ఎదురుచూపు. తనకు ఆటిజం ఉందని రుజువు చేసుకోవడానికి, ఆటిజం ఉన్నవాళ్లు తట్టుకోలేని చోటే ఆ మనిషి కూర్చోవాల్సి వస్తోంది.

ఆటిజం అంటువ్యాధి కాదు, పెంపకం లోపం అసలే కాదు. మెదడు ఎదిగే తీరులో చిన్ననాటి నుంచే ఉండే తేడా. 2021 నాటికి ప్రపంచంలో 127 మందిలో ఒకరికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంద్రియాల సంగతిని వైద్యశాస్త్రం కూడా ఆలస్యంగానే పట్టించుకుంది. అమెరికా మనోవైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథం అయిదో కూర్పును 2013లో తెచ్చినప్పుడు మాత్రమే, ఇంద్రియ స్పందనలు మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో ఉండటాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. మనలో చాలామంది మెదడు ఫ్యాను రొదను, పక్క బల్ల మీది మాటలను, ట్యూబ్‌లైటు మినుకును దానంతటదే వెనక్కి నెట్టేస్తుంది. ఆటిజం ఉన్న చాలామందికి అవన్నీ ఒకే స్థాయిలో, ఒకేసారి వచ్చి పడతాయి. చెవులు మూసుకోవడం, అటూ ఇటూ పరిగెత్తడం, నేల మీద కూలబడి అరవడం ఆ ఒత్తిడికి శరీరం ఇచ్చే జవాబు. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని మొండితనం అంటారు, తల్లి వైపు చూసి పెద్దరికంగా సలహాలిస్తారు. ఆ చూపులు భరించలేక ఇంటికే పరిమితమైపోయిన కుటుంబాలు ఎన్నో.

దీనికి లోకం మొదట కనిపెట్టిన విరుగుడు నిశ్శబ్దం. బ్రిటన్‌లో నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ 2017లో ఆటిజం అవర్ మొదలుపెట్టింది. దుకాణాలు ఒక గంట పాటు లైట్లు తగ్గించి, పాటలు ఆపేశాయి. మరుసటి ఏడాది మారిసన్స్ సూపర్ మార్కెట్లు శనివారం ఉదయం 9 నుంచి 10 దాకా ప్రశాంత సమయం పెట్టాయి. మంచి పనే, దీన్ని చిన్నబుచ్చడం సరికాదు. అయితే శనివారం ఉదయం పదింటి తర్వాత కూడా ఆ మనిషికి పాలూ బియ్యమూ కావాలి. పైగా ఆటిజం ఉన్నవాళ్లనే అడిగి చేసిన పరిశోధనలు చప్పుడుతో ఆగడం లేదు. కెరెన్ మెక్‌లెనన్, ఆమె సహచరులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం ఉన్న పెద్దలు సూపర్ మార్కెట్లు, హోటళ్లు, బస్సులు, ఆసుపత్రుల గురించి చెప్పిన మాటల్లోంచి ఆరు సూత్రాలు తేలాయి. చప్పుడు, వెలుతురు, వాసనలు కలిసిన వాతావరణం వాటిలో ఒకటి మాత్రమే. తగినంత జాగా, ముందే తెలియడం, ఎదుటివాళ్ల అవగాహన, సర్దుబాట్లు, తేరుకునే అవకాశం మిగతా అయిదు. ఐర్లండ్ వైద్యురాలు, తానూ ఆటిజం ఉన్న మనిషి అయిన మేరీ డోహర్టీ బృందం అదే ఏడాది ప్రచురించిన సర్వే ఇంకా సూటిగా ఉంది. అయిదు వందల మందికి పైగా ఆటిజం ఉన్న పెద్దల్లో 80 శాతం డాక్టరు దగ్గరికి వెళ్లడమే కష్టమన్నారు. ఆటిజం లేనివారిలో ఆ మాట అన్నది 37 శాతం. వెయిటింగ్ హాలు పరిస్థితి అడ్డు అన్నవారు 51 శాతమైతే, ఫోను చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవడమే అడ్డు అన్నవారు 62 శాతం.

ఈ చివరి రెండు అంకెల్లోనే అసలు విషయం ఉంది. ఆటిజం ఉన్న మనిషిని ఆసుపత్రి గుమ్మం దాకా కూడా రానివ్వని అడ్డంకి చప్పుడు కన్నా ముందే మొదలవుతోంది. ఫోనులో అవతల ఎవరు ఎత్తుతారో, ఏం అడుగుతారో, వెళ్తే ఎంతసేపు ఆపుతారో, ఏ గదిలోకి పంపుతారో తెలియకపోవడం ఆ అడ్డంకి. తెలియనిదాన్ని భరించలేకపోవడానికీ ఆటిజంలో కనిపించే ఆందోళనకీ దగ్గర సంబంధం ఉందని మనస్తత్వ పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి బహిరంగ స్థలం మొదట ఇవ్వాల్సింది సమాచారమని నా వాదన. దీనికి మన దగ్గరే మంచి ఆనవాళ్లున్నాయి. తిరుపతిలో ఇచ్చే సర్వదర్శనం టోకెన్ల మీద ఏ సమయానికి వరసలోకి రావాలో ఉంటుంది. టోకెన్ లేనివాళ్లు కంపార్టుమెంటులో కూర్చుని తలుపు ఎప్పుడు తీస్తారా అని చూడాలి. ఆ రెండు ఎదురుచూపుల మధ్య తేడా మామూలు భక్తుడికి సౌకర్యం మాత్రమే. ఆటిజం ఉన్న బిడ్డను తీసుకొచ్చిన తండ్రికైతే వెళ్లగలగడమా, మానుకోవడమా అన్నదే ఆ తేడా. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది ఆటిజం ఉన్నవాళ్ల కోసమని కాదు. అయినా కౌంటరు దగ్గర మాట్లాడాల్సిన పని లేకుండా రాతతో పని జరగడం వీళ్లకు పెద్ద మేలు. ఆసుపత్రులు ఇంకో అడుగు వేసి గేటు, వరండా, పరీక్ష గది ఫొటోలు, ఏ అంచెలో ఏం చేస్తారో రెండేసి మాటలు ముందే పంపవచ్చు. దానికయ్యే ఖర్చు ఒక సెల్‌ఫోను, ఒక పూట పని.

కట్టడం సంగతి పక్కన పెట్టమని దీని అర్థం కాదు. ఈజిప్టు వాస్తుశిల్పి మాగ్డా మొస్తఫా ఈ రంగంలో ముందుగా నడిచిన మనిషి. తరగతి గదిలో ప్రతిధ్వని తగ్గించి, జాగాను పనికొక భాగంగా విడదీసినప్పుడు ఆటిజం ఉన్న పిల్లలు ఎక్కువసేపు పని మీద దృష్టి నిలిపారని 2008లో ఆమె చూపించారు. అది చిన్న అధ్యయనమే, కానీ దానిలోంచి పెరిగిన సూత్రాలు బలమైనవి. ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు కాసేపు తప్పుకునే మూల ఉండాలి. సందడి చోటు నుంచి ప్రశాంత చోటుకు మధ్యలో ఒక మలుపు, ఒక వసారా ఉండాలి. బ్రిటన్ ప్రమాణాల సంస్థ 2022లో ఇలాంటి విషయాల మీద భవనాల మార్గదర్శకాలనే విడుదల చేసింది. దీనికి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తోసేయలేం. లోకం గోలగా ఉంటుంది, మన ఊళ్లలో హారన్లూ మైకులూ ఆగవు, మెత్తటి గదుల్లో పెంచితే పిల్లలు రేపు బయట ఎలా బతుకుతారు? అలవాటుకు చోటుండాలన్న మాట నిజమే. కానీ అలవాటయ్యేది తన అదుపులో ఉన్నది. ఎప్పుడైనా బయటికి వెళ్లవచ్చని తెలిసినవాడే బజారులో మరో అయిదు నిమిషాలు నిలబడగలడు.

అంతకన్నా చిక్కు ప్రశ్న ఒకటుంది. ఆటిజం ఉన్నవాళ్లంతా ఒకలాంటి వాళ్లు కారు. ఒకరికి వెలుతురు ముల్లులా గుచ్చుకుంటే, మరొకరు రంగురంగుల లైట్ల ముందు నుంచి కదలరు. ఇంకా ముఖ్యంగా, వీళ్లకు మేలు చేసేది మరో వికలాంగుడికి కీడు కావచ్చు. దేశంలో కొన్ని విమానాశ్రయాలు మామూలు ప్రకటనలు ఆపేసి మౌన విమానాశ్రయాలయ్యాయి. చూపు లేని ప్రయాణికుడికి ఆ ప్రకటనే దారి. ఇక్కడ ఏ ఒక్కరినీ గెలిపించకూడదు. అవసరమైన ప్రకటన ఉండాలి, అది సంబంధిత గేటు దగ్గరే వినిపించాలి, తెర మీద రాతగానూ రావాలి. తీసేయాల్సింది మధ్యలో వచ్చే వ్యాపార ప్రకటనలను. మన బస్‌స్టాండ్లలో ఆ ప్రకటనల హోరులో బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చూపు లేనివారికీ, ఆటిజం ఉన్నవారికీ ఇద్దరికీ వినబడదు.

సర్టిఫికెట్ లేని పెద్దవాళ్ల మాటేమిటన్నది కూడా ఆలోచించాలి. ఆటిజం బయటికి కనబడదు, చాలామందికి నిర్ధారణే జరగలేదు. 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలైన పొద్దుతిరుగుడు పువ్వుల మెడతాడు ఇందుకు పుట్టింది. అది వేసుకున్న మనిషికి కాస్త సమయం, ఓపిక కావాలని సిబ్బందికి సైగ. ఏ కాగితమూ అడగరు. బెంగళూరు కెంపెగౌడ విమానాశ్రయం కూడా దాన్ని పాటిస్తోంది. కాగితం అడగకపోతే దొంగ వాడకం పెరుగుతుందని మన అధికారులకు వెంటనే తోస్తుంది. కొందరు అలా వాడుకోవచ్చు కూడా. వాళ్లు దోచుకునేది ఒక ఉద్యోగి ఓపికలో రెండు నిమిషాలు. కాగితం అడిగితే అవసరమైన వాళ్లలో చాలామంది అసలు అడగనే అడగరు, ఆ నష్టం మాత్రం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. మెడతాడు కన్నా సెక్యూరిటీ గార్డుకు, కండక్టరుకు, నర్సుకు ఇచ్చే శిక్షణ ముఖ్యం. గుర్తు పట్టినవాడికి ఏం చేయాలో తెలియకపోతే గుర్తు వృథా.

చట్టం మన వైపే ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి, వాటిలో ఆటిజం లేదు. 2016 చట్టం 21 రకాలను గుర్తించి ఆటిజాన్ని చేర్చింది, భవనాలూ, రవాణా, సమాచారమూ అందరికీ అందుబాటులో ఉండాలంది. దాని కింద కేంద్రం రాసిన నిబంధనల్లోని పదిహేనోదాని మొదటి ఉపనిబంధనను 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అందుబాటు ప్రమాణాలను అది తప్పనిసరి చేయకుండా సలహాల స్థాయిలో వదిలేసిందన్నది కారణం. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం వికలాంగుల అధ్యయన కేంద్రం తయారు చేసింది. ఇప్పటిదాకా మన అధికారులు అందుబాటు అంటే ర్యాంపు, లిఫ్టు, బ్రెయిలీ అనుకుంటూ వచ్చారు. ర్యాంపు వాలును కొలవవచ్చు గనుక తనిఖీ తేలిక. ఎదురుచూపును కూడా కొలవవచ్చు. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో పిలుపు వరసను తెర మీద చూపడం, సదరం స్లాటులో గంట రాయడం, ఆ గంట దాటితే ఎందుకో సందేశం పంపడం, వరండాకు పక్కన తలుపు వేసుకోగల ఒక చిన్న గది ఉంచడం, గదుల్లో ప్రతిధ్వనికి హద్దు పెట్టడం, టెండరు పిలవకముందు ఆటిజం ఉన్న పెద్దవాళ్లను పిలిచి నమూనా చూపించడం: వీటిలో తనిఖీకి అందనిది ఏదీ లేదు. తప్పనిసరి నిబంధనల్లో ర్యాంపు కొలతల పక్కనే ఈ అంశాలూ రాయాలి.