గాజువాక ఇంటి కెమెరా దుబాయ్‌లో ఎందుకు కనిపించదు?

అమ్మానాన్న గాజువాకలో, కొడుకు దుబాయ్‌లో. ఇంటికి కెమెరాలు పెట్టించాడు. వాటి రికార్డర్‌ను మధ్యలో ఏ కంపెనీ యాప్ లేకుండా నేరుగా చూడాలని రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా సరిగ్గానే చేశాడు. అయినా కలవదు. ఎందుకు?

రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉన్నచోట చూడండి. ఆ నంబరు 100.64 నుంచి 100.127 లోపల మొదలైతే, ఆ ఇంటికి ఇంటర్నెట్‌లో సొంత చిరునామా లేనట్టే. ఒకే పబ్లిక్ అడ్రసును ఇంటర్నెట్ కంపెనీ చాలా ఇళ్లకు కలిపి వాడుతోంది. దీని పేరు క్యారియర్ గ్రేడ్ న్యాట్. ఇంట్లోంచి మనం ఏదైనా అడిగితే జవాబు తిరిగొస్తుంది. ఎవరు అడిగారో కంపెనీ పరికరం రాసి పెట్టుకుంటుంది కాబట్టి. బయటివాళ్లు ముందుగా పిలిస్తే మాత్రం, ఏ ఇంటికి పంపాలో దానికి తెలియదు. అక్కడే వదిలేస్తుంది.

ఇలా పంచుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? పాత పద్ధతి ఐపీవీ4లో అడ్రసు పొడవు 32 బిట్లు. అన్నీ కలిపినా 430 కోట్లకు మించవు. ప్రపంచవ్యాప్త నిల్వను చూసే సంస్థ ఐయానా చివరి కట్టలను 2011 ఫిబ్రవరి 3న పంచేసింది. ఏప్రిల్‌కల్లా ఆసియా-పసిఫిక్ సంస్థ ఏప్నిక్ కూడా రేషన్‌లోకి దిగింది. ముందొచ్చినవాళ్లకు దండిగా దక్కాయి: అమెరికా దగ్గర 150 కోట్లకు పైగా ఉంటే, 140 కోట్లమందిమి ఉన్న మనకు సుమారు 4 కోట్లు. కొత్త పద్ధతి ఐపీవీ6 అవసరం మనకున్నంతగా మరెవరికీ లేదని నేననేది ఇందుకే.

విశాఖలో డేటా సెంటర్లు, సముద్రగర్భ కేబుళ్ల కేంద్రం కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించాక, అవి వస్తే ఈ చిక్కు దానంతటదే తీరుతుందని అనుకునేవారున్నారు. తీరదు. కేబుల్ వల్ల పెరిగేది మోసే సామర్థ్యం. అడ్రసుల కొరత తీర్చేది ఐపీవీ6 ఒక్కటే.

ఇందులో అడ్రసు పొడవు 128 బిట్లు. 34 వేసి పక్కన 37 సున్నాలు పెడితే దాదాపు అన్ని అడ్రసులు. ఉక్కునగరంలో ఇల్లు చెప్పాలంటే ముందు సెక్టారు, తర్వాత క్వార్టర్ నంబరు చెబుతారు కదా, ఇదీ అలాగే రెండు భాగాలు. మొదటి 64 బిట్లు, అంటే ప్రిఫిక్స్, కంపెనీ ఇచ్చిన దాంట్లోంచి వస్తుంది. రౌటర్ దాన్ని ఇంట్లోని పరికరాలకు ప్రకటిస్తుంది. మిగతా 64 బిట్లను పరికరం తనంతట తానే తయారుచేసుకుని జతపరుచుకుంటుంది. ఫోన్లు గోప్యత కోసం ఆ రెండో సగాన్ని తరచూ మారుస్తుంటాయి కూడా.

మరి అందరూ ఒకేసారి మారలేదేం? పాతదీ కొత్తదీ ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోలేవు. అందుకే డ్యుయల్ స్టాక్ పేరుతో రెండూ పక్కపక్కన నడుస్తున్నాయి. మన టెలికాం శాఖ తొలి మార్గసూచి ఇచ్చింది 2010 జులైలో. అసలు ఊపు 2016 సెప్టెంబరులో జియో రాకతో వచ్చింది. ఆ సిమ్ ఉన్న ఫోన్లో ఐపీ అడ్రసు చూడండి, 2409తో మొదలయ్యేది కనిపించవచ్చు.

ఇంట్లో పెట్టుకోవడం ఎలా? రౌటర్ ఇంటర్నెట్ సెట్టింగుల్లో ఐపీవీ6 ఆన్ చేసి, సాధారణంగా డీహెచ్‌సీపీవీ6, ప్రిఫిక్స్ డెలిగేషన్ ఎంచుకోవాలి. తర్వాత ల్యాప్‌టాప్‌లో అడ్రసు చూడండి. 2తో మొదలయ్యేది వచ్చిందా, పని అయినట్టే. ఎఫ్‌ఇ80తో మొదలయ్యేది ఒక్కటే ఉంటే అది ఇంటి నెట్‌వర్క్ దాటి పోదు. అంటే బయటినుంచి ప్రిఫిక్స్ అందలేదు. అప్పుడు కంపెనీకి ఫోన్ చేసి ‘నెట్ స్లోగా ఉంది’ అనకండి. ‘ఐపీవీ6 ప్రిఫిక్స్ డెలిగేషన్ రావడం లేదు’ అనండి.

అడ్రసు దొరికిందని రౌటర్ ఫైర్‌వాల్ తీసేయొద్దు. ఇప్పుడు ప్రతి పరికరానికీ బయటి అడ్రసు ఉంటుంది కాబట్టి కాపలా కాసేది అదే. రికార్డర్‌కు స్థిరమైన రెండో సగం పెట్టి, దానికి కావలసిన పోర్టు ఒక్కటే తెరవాలి, పాస్‌వర్డ్ మార్చాలి. కంపెనీ ప్రిఫిక్స్‌ను అప్పుడప్పుడూ మార్చవచ్చు కాబట్టి మారిన అడ్రసుకూ దారి చూపే డైనమిక్ డీఎన్ఎస్ పేరొకటి కావాలి. దుబాయ్‌లోని కొడుకు వాడే కనెక్షన్‌కూ ఐపీవీ6 ఉండాలి. లేకపోతే ఇక్కడ ఎంత చేసినా అతని ఫోన్ ఇంటిదాకా రాలేదు.