వరి పైరు తెగులును ఎలా ఎదుర్కొంటుంది?

మా ఇంట్లో ఒకే బియ్యానికి రెండు పేర్లు. అవ్వ సాంబ మసూరి అంటుంది, అమ్మ ఇక్కడి అంగళ్లలో పిలిచినట్టే ఆంధ్రా పొన్ని అంటుంది. రెండూ బాపట్లలో తయారై 1986లో విడుదలైన బి.పి.టి. 5204 వంగడమే. అన్నం బాగుంటుంది గానీ, ఆ పైరుకి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద గండం. ఆకు అంచుల్లోని నీటి రంధ్రాల నుంచో, చిరిగిన చోటు నుంచో బాక్టీరియా లోపలికి దూరుతుంది. ఆకు కొన నుంచి పసుపెక్కి ఎండుగడ్డిలా అయిపోతుంది. ముదిరాక మందు కొట్టినా పెద్దగా లాభం ఉండదు. తట్టుకునే శక్తి మొక్కలోనే ఉండాలి.

మనకి రోగం వస్తే తెల్ల రక్తకణాలు ఒళ్లంతా తిరిగి పోరాడతాయి. మొక్కకి రక్తమూ లేదు, తిరిగే కాపలావాళ్లూ లేరు. ప్రతి కణమూ తన గడప తానే కాచుకోవాలి.

ఆ కాపలా ప్రోటీన్లది. ఆఫ్రికాలోని ఒక అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్‌ఎ 21 జన్యువు తయారుచేసే ప్రోటీన్, కణం పొరలో కొంత బయటికి, కొంత లోపలికి ఉంటుంది. బాక్టీరియా విడిచే రాక్స్‌ఎక్స్ అనే చిన్న ప్రోటీన్ బయటి భాగానికి తగలగానే లోపలి భాగం కబురు పంపుతుంది, రక్షణ జన్యువులు మేలుకుంటాయి. కణం లోపలే ఉండే ప్రోటీన్లు వేరే. శత్రువు లోపలికి పంపినవాటిని అవి పసిగడతాయి. అప్పుడు తెగులు పక్కకి పాకకుండా చాలాసార్లు ఆ కణం తానే చచ్చిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఎక్స్‌ఎ 13 సంగతి. బాక్టీరియాకి చక్కెర కావాలి. అందుకని తన ప్రోటీనొకటి కణంలోకి పంపి, చక్కెరను బయటికి వదిలే వరి జన్యువుని పని చేయిస్తుంది. మన చేతే మన బియ్యం డబ్బా తెరిపించినట్టు! ఎక్స్‌ఎ 13 ఉన్న వరిలో ఆ జన్యువు ముందుండే మీట కాస్త మారి ఉంటుంది, బాక్టీరియా ప్రోటీన్‌కి పట్టు దొరకదు. గుర్తుపట్టడమూ లేదు, యుద్ధమూ లేదు, వచ్చినవాడికి అన్నం పెట్టకపోవడం అంతే. ఎక్స్‌ఎ 5 కూడా ఇలాంటిదే. బాక్టీరియా ఆసరా చేసుకునే ఒక వరి ప్రోటీన్‌లో చిన్న మార్పు ఉండి, దాని పని సరిగా సాగనివ్వదు. అయితే ఈ రెండూ తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రావాలి. ఒక వైపు పాత జన్యువే ఉంటే బాక్టీరియాకి దారి దొరికిపోతుంది.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థ కలిసి ఈ మూడింటినీ మామూలు సంకరంతోనే సాంబ మసూరిలోకి తెచ్చాయి. తరం తరానికీ డి.ఎన్.ఎ. గుర్తులు చూసి మొక్కల్ని ఏరారు. 2008లో కొత్త వంగడం విడుదలైంది. ఒకటి చాలదా, మూడెందుకు అంటే, బాక్టీరియా కూడా మారుతుంది. అది రాక్స్‌ఎక్స్ రూపు మార్చుకుంటే ఎక్స్‌ఎ 21 పోల్చుకోలేకపోవచ్చు. అప్పుడు పైరుని కాయాల్సింది మిగతా రెండే.