మబ్బు చాటున ఉన్నా కనిపించే వరద

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం డాబాలెక్కారు.

ఇలాంటి వేళ మామూలు ఉపగ్రహ కెమెరాకు మబ్బులే కనిపిస్తాయి. రాడార్ ఉపగ్రహం తరంగాలు మబ్బును దాటి నేలను తాకి తిరిగివస్తాయి. నిలిచిన నీరు మాత్రం వాటిని అద్దంలా పక్కకు మళ్ళిస్తుంది కనుక ఆ చోటు నల్లగా పడుతుంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఆ బొమ్మను ఊళ్ళ పటంతో కలిపి, ఎక్కడెక్కడ మునిగిందో అధికారులకు చూపుతుంది.

అయితే ఉపగ్రహం మన మీదుగా వచ్చేదాకా ఆగాలి; వాగు ఆగదు గదా! పైగా మంచాన పడిన తాతగారు, నెలలు నిండిన కోడలు పటంలో కనిపించరు. వాన ముదరకముందే వారి సంగతి ఆశా కార్యకర్తకు చెప్పండి. 108కి ఫోన్ చేసినప్పుడు మండలం, ఊరు, దగ్గరున్న బడి లేక చర్చి పేరు చెప్పండి.