తూనీగ కన్ను స్పష్టంగా ఉన్నా రెక్క ఎందుకు మసకబారుతుంది?

కాట్టుపల్లి వంటి తీరగ్రామంలో గడ్డిపరకపై వాలిన తూనీగ తలను నిజపరిమాణంలోనే కెమెరా సెన్సారుపై పడేంత చేరువగా తీసినప్పుడు, స్పష్టంగా కనిపించే మందం, అనగా ఫోకస్ లోతు, కాంతి ప్రవేశించే రంధ్రాన్ని ఎఫ్/11కు తగ్గించినా సుమారు ఒక మిల్లీమీటరే కావడం వల్ల, కన్ను స్ఫుటంగా ఉన్నా రెక్క మసకబారుతుంది. ఆ రంధ్రాన్ని, అంటే ఎపర్చరును, మరీ చిన్నది చేస్తే లోతు పెరుగుతుంది గాని, రంధ్రపు అంచుల వద్ద కాంతి వంగి చిత్రమంతా కొంత మెత్తబడుతుంది. పైగా ఇంత చేరువలో సెన్సారుకు చేరే వెలుగు మామూలు దూరంలో చేరేదానిలో నాలుగో వంతే. ఆ లోటు తీర్చడానికి షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచితే సముద్రపు గాలికి ఊగే పరక చిత్రాన్ని చెరుపుతుంది కనుక, తెల్లకాగితం అడ్డుపెట్టి మృదువుగా చేసిన ఫ్లాష్‌ను తక్కువ శక్తితో వెలిగించడం మేలు, ఎందుకంటే దాని మెరుపు సెకనులో వెయ్యోవంతులోపే ముగుస్తుంది. కెమెరాను తూనీగ దేహానికి సమాంతరంగా నిలిపి, దానిలో ఎక్కువ భాగం స్పష్టంగా కనిపించే ఆ కొద్ది మందంలోనే పడేలా చూడటం ఖర్చులేని ఉపాయం, బహుశా అన్నిటికన్నా విలువైనది.