హ్యూమిక్ పదార్థాల పరిశీలనలో కాంతి శోషణ పద్ధతి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జూలూరుపాడు ప్రాంతంలో అడవి అంచునే పత్తి, మిరప చేలు ఉన్నాయి. ఆకులు రాలి కుళ్లే అటవీ నేలలోని సేంద్రియ పదార్థానికీ, ఏటా దున్నే నేలలోని పదార్థానికీ పరిమాణంలోనే గాక స్వభావంలోనూ భేదముంటుంది. వాక్లీ–బ్లాక్ పద్ధతి సేంద్రియ కర్బన పరిమాణాన్ని మాత్రమే తెలుపుతుంది. స్వభావాన్ని కొంతమేరకు గ్రహించడానికి ద్రావణంలో కాంతి శోషణను కొలవడం తోడ్పడుతుంది.

హ్యూమిక్ పదార్థాలను చాలాకాలం పెద్ద పాలిమర్లుగా భావించారు. బలహీన బంధాలతో గుమికూడిన చిన్న అణువుల సముదాయాలుగా కూడా వీటిని నేడు పరిగణిస్తున్నారు. నేలనుండి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో వీటిని సంగ్రహించి, ద్రావణపు ఉదజని సూచికను 1కి తగ్గిస్తే హ్యూమిక్ ఆమ్లం అవక్షేపమవుతుంది. ఫుల్విక్ ఆమ్లం ద్రావణంలోనే నిలుస్తుంది. వేరుచేసిన భాగాన్ని 0.05 నార్మల్ సోడియం బైకార్బొనేట్‌లో కరిగించి, స్పెక్ట్రోఫోటోమీటర్‌పై 465, 665 నానోమీటర్ల వద్ద శోషణను కొలుస్తారు. మొదటి విలువను రెండవ దానితో భాగించగా వచ్చేదే ఇ4/ఇ6 నిష్పత్తి. బీర్–లాంబర్ట్ నియమం వర్తించే పరిధిలో ఈ నిష్పత్తిపై గాఢత ప్రభావం ఉండదు.

ఈ నిష్పత్తి సాధారణంగా హ్యూమిక్ ఆమ్లాలకు 5 కంటే తక్కువగా, ఫుల్విక్ ఆమ్లాలకు 6 నుండి 8.5 వరకు ఉంటుంది. అణు పరిమాణం పెరిగేకొద్దీ నిష్పత్తి తగ్గుతుంది. అయితే ఉదజని సూచిక మారితే విలువ కూడా మారుతుంది. ద్రావణంలో తేలియాడే బంకమట్టి రేణువులు కాంతిని చెదరగొట్టి, నిష్పత్తిని ఉన్నదానికంటే తక్కువగా చూపుతాయి. కనుక కొలతకు ముందు ద్రావణాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి తేటపరచడం తప్పనిసరి.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ విషయం మరొక విధంగా కూడా ముఖ్యం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985కు 2021లో చేసిన సవరణ ద్వారా హ్యూమిక్, ఫుల్విక్ ఆమ్లాలు జీవ ఉత్ప్రేరకాల పరిధిలోకి వచ్చాయి. సీసాలోని ద్రావణం ముదురు గోధుమ రంగులో ఉన్నంత మాత్రాన అది హ్యూమిక్ ఆమ్లమని నిర్ధారించరాదు. కాగితపు గుజ్జు తయారీలో వెలువడే లిగ్నోసల్ఫోనేట్లూ గోధుమ రంగులోనే ఉంటాయి. కాని అవి ఆమ్లంలోనూ కరిగే ఉంటాయి. అందుచేత ముందుగా ఆమ్లంతో అవక్షేపించి, బూడిద భాగాన్ని తీసివేసి పరిమాణం తేల్చాలి. ఆ తరువాతనే కాంతి శోషణతో స్వభావాన్ని పరిశీలించాలి.

ఇ4/ఇ6 నిష్పత్తి అణువుల స్వభావానికి సూచిక మాత్రమే. దిగుబడికి హామీ కాదు. రైతు పెట్టే ఖర్చుకు తగిన ఫలితం ఉన్నదా అన్నది ఆ నేలలోనే, హ్యూమిక్ వేయని మడితో పోల్చిన క్షేత్ర ప్రయోగం ద్వారా తేలవలసి ఉంటుంది.