శిల్పం జీవితాన్ని మార్చగలదా?

వస్తువు నీరు, శిల్పం పాత్ర అనే పోలిక మన సాహిత్య చర్చల్లో తరచు వినిపిస్తుంది. ముందు వస్తువు ఉంటుందనీ, తర్వాత దాన్ని ఏదో ఒక పాత్రలో పోస్తామనీ దీని భావం. ఈ పోలిక చాలదని నా అభిప్రాయం. ఎందుకు చాలదో చెప్పడానికి భవన నిర్మాణ కళ నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటాను. ఇంటి విషయంలో శిల్పమంటే అలంకారం కాదు. మనుషులు ఎక్కడ వండుకోవాలో, ఎక్కడ కలుసుకోవాలో నిర్ణయించేది అదే.

కొత్త సమాజానికి పాత ఇల్లు సరిపోతుందా? 1917 విప్లవం తర్వాత సోవియట్ వాస్తుశిల్పుల ముందు నిలిచిన ప్రశ్న ఇది. వంటింటి చాకిరీ నుంచి స్త్రీకి విముక్తి కలగాలంటే సామూహిక భోజనశాలలూ, శిశుశాలలూ కావాలని లెనిన్ 1919లోనే రాశాడు. 1925లో ఏర్పడిన నిర్మాణవాద వాస్తుశిల్పుల సంఘం ఈ ఆలోచనకు రూపమివ్వ పూనుకున్నది. మానవ సంబంధాలను మార్చే భవనానికి వారు యంత్రశాస్త్రం నుంచి మాట అరువు తెచ్చి 'సామాజిక కండెన్సర్' అని పేరు పెట్టారు.

ఆ సిద్ధాంతానికి ప్రసిద్ధమైన నిదర్శనం మాస్కోలోని నార్కమ్‌ఫిన్ భవనం. ఆర్థిక కమిసారియట్ ఉద్యోగుల కోసం మొయిసే గింజ్‌బర్గ్, ఇగ్నాతీ మిలీనిస్ దీన్ని రూపొందించారు. 1928–1930 మధ్య నిర్మాణం జరిగింది. స్తంభాల మీద నిలిపిన పొడవైన ఇల్లు. బారులు తీరిన కిటికీలు. పక్కనే వంటశాల, భోజనశాల, వ్యాయామశాల ఉన్న మరో కట్టడం. చిన్న నివాసాల్లో వంటకు ఒక మూల మాత్రమే ఉంచారు. పెద్ద కుటుంబాల నివాసాలకు మాత్రం వంటిళ్లు ఉన్నాయి. ఇక్కడే గింజ్‌బర్గ్ వివేకం కనిపిస్తుంది. కొత్త జీవితానికి దారి తెరిచాడే గాని, అందులోకి ఎవరినీ నెట్టలేదు. అదే కాలంలో నికొలాయ్ కుజ్మిన్ గని కార్మికుల కమ్యూన్ కోసం నిమిషాల లెక్కన దినచర్య రాసిపెట్టాడు. మొదటిది ఆహ్వానం, రెండవది ఆజ్ఞ.

అయితే ఆహ్వానం కూడా నెగ్గలేదు. మాస్కోలో ఇళ్ల కొరత తీవ్రంగా ఉండేది. స్తంభాల కింది ఖాళీ స్థలానికి తర్వాత గోడలు కట్టి గదులు చేశారు. సామూహిక భోజనశాల ఎంతోకాలం నిలవలేదు. జీవన విధానాన్ని ఒక్క గంతులో మార్చబూనడం ఊహాస్వర్గమని 1930 మేలో పార్టీ కేంద్ర కమిటీ తీర్మానించింది. 1932 ఏప్రిల్ 23 నాటి తీర్మానంతో విడివిడి రచయితల సంఘాలు రద్దయ్యాయి. ఇతర కళల సంఘాలకూ అదే గతి పట్టింది. పాత స్తంభాల సొగసు తిరిగివచ్చింది. ప్రయోగం మీద 'రూపవాదం' అనే ముద్ర పడింది.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. భౌతిక పునాది లేనిదే శిల్పం ఒంటరిగా జీవితాన్ని మార్చలేదు. ఈ భవనాన్ని 2017–2020 మధ్య గింజ్‌బర్గ్ మనుమడు అలెక్సీ పర్యవేక్షణలో పునరుద్ధరించారు. గోడలూ, కిటికీలూ మొదటి రూపానికి వచ్చాయి. కాని ఇళ్లు సొంత ఆస్తులుగా అమ్ముడయ్యాయి. సామూహిక జీవితం తిరిగిరాలేదు. రెండవది, భౌతిక పరిస్థితుల వల్ల ఓడిన ప్రయోగాన్ని తప్పుడు ప్రయోగమని కొట్టివేయడం విమర్శ కాదు. స్త్రీ చాకిరీ సమస్య ఆ భోజనశాలతో పాటు మూతపడలేదు. ఆ ప్రశ్నను ఉపన్యాసంలో కాక గోడల అమరికలో వేసినవాళ్లు వాళ్లు.

అభ్యుదయ రచయితలమైన మనం కొత్త శిల్పం కనబడగానే 'రూపవాదం' అనడానికి తొందరపడుతూ ఉంటాం. సామాన్యుడికి అర్థం కావాలన్న పట్టుదల న్యాయమైనదే. అయినా ముద్ర వేసేముందు ఒక ప్రశ్న అడగాలి: ఈ శిల్పం మనుషుల మధ్య ఏ కొత్త సంబంధానికి చోటిస్తున్నది? చోటివ్వకపోతే అది వట్టి వింత. చోటిస్తే, ఆ చోటు నిండకపోవడానికి కారణాన్ని కవి దగ్గరే కాక సమాజంలో కూడా వెతకడం విమర్శకుడి బాధ్యత.